చప్పట్లు లేని మూడో అంకం

ఆల్టెన్‌బుర్గ్
1878 మే 3

నా థెక్లాకు,

ఈ ఉత్తరం గొంతుకు శాలువా చుట్టుకొని చదువు. కొండమీది ఊళ్ళలో మే నెలను నమ్మరాదు.

నువ్వు బయలుదేరి తొమ్మిది రోజులైంది. పియానో మూత నేను తీయలేదు. దానిమీద పిల్లి పడుకొంటున్నది. నువ్వుంటే సాగనిచ్చేదానివి కావు.

దీనితో రెండు వస్తువులు పంపుతున్నాను. మొదటిది తేనెలో ఊరవేసిన సేజ్ ఆకులు, గొంతుకోసం ఉదయం ఒక చెంచా చొప్పున. రెండవది నా పెట్టెపాట, మీ మామయ్య బతికున్న రోజుల్లో నా గొంతుకు కొలిచి కట్టినది. మా కాలంలో ప్రతి గాయనికీ ప్రయాణపు పెట్టెలో తనదైన పాట ఒకటి ఉండేది. ఏ ఊరి నాటకశాలలో ఎవరి ఒపేరా పాడుతున్నా, అందులో తనకు నప్పే పాట లేకపోతే దీన్ని తీసి మధ్యలో పెట్టేది. కథ స్పెయిన్‌లో జరుగుతున్నదా, స్కాట్లండులోనా అని ఎవరూ అడిగేవారు కారు. జనం దాని కోసమే వచ్చేవారు. నీ భాగంలో ఎక్కడైనా సందు దొరికితే వాడుకో.

నీ స్వరకర్త గొట్‌హెల్ఫ్ రైన్‌వాల్డ్ గురించి నీకు పూర్తిగా ఎన్నడూ చెప్పలేదు. నలభై ఏడులో ఆయన మొదటి ఒపేరాలో కోటరాణి నేనే. మూడో అంకంలో రాణి ప్రాణం విడిచే ముందు నా పాట పెట్టుకొన్నాను. వాద్యబృందాన్ని నడిపిస్తున్న రైన్‌వాల్డ్ చేతికర్రను బల్లమీద పెట్టి చేతులు కట్టుకొన్నాడు. మొదటి వయొలిన్ వాయించే మనిషి తక్కినవారిని నడిపించాడు. చప్పట్లు ఏడు నిమిషాలు. మరుసటి వారం పత్రికలో రైన్‌వాల్డ్ వ్యాసం: గాయనులు పాటలను అంగడి సరకులా పెట్టెలో వేసుకొని ఊరూరా తిరుగుతారట. రెండేళ్ళకు తిరుగుబాటు వచ్చింది. తిరుగుబాటుదారుల పక్షాన చర్చి గోపురం మీద కాపలా కాసి, అది అణిగాక ఎవరిదో పాసుపోర్టు మీద స్విట్జర్లండుకు పారిపోయాడు. పదకొండేళ్ళు అక్కడే. ఆ తరువాత ఒక రాజుగారి ఆదరణ, స్నేహితుడి భార్యతో పెళ్ళి, కొండమీద తన పాటలకే ఒక నాటకశాల. దేశం రెండు పక్షాలుగా చీలి ఆయన గురించి పోట్లాడుకొంటున్నది. నేను ఏ పక్షమో నీకు తెలియనిది కాదు.

అయినా నీ ఒప్పందం మీద సంరక్షకురాలిగా సంతకం చేశాను, నీ ముఖం చూసి. నీకు ఇరవై ఒకటి నిండేది నవంబరులో. అంతవరకు ఒక్క కాగితంతో నిన్ను వెనక్కు పిలిచే హక్కు నాది. దాన్ని వాడే అవసరం రాకూడదనే కోరుకొంటున్నాను.

మన పెర్ల్‌హెఫ్టర్‌కు నా నమస్కారం. పందొమ్మిదేళ్ళు నా పక్కన పియానో వాయించిన మనిషి ఇప్పుడు అక్కడ మీ చేత సాధన చేయిస్తున్నాడన్న ధైర్యంతోనే నిద్రపోతున్నాను.

నీ మేనత్త
వాల్‌బుర్గా


హోన్‌బెర్గ్
మే 13

గౌరవనీయులైన అత్తయ్యకు,

తేనె సీసా పగలకుండా చేరింది. పాట కూడా. దాన్ని దిండు కింద పెట్టుకొన్నాను. ఇంకా ఎవరికీ చూపలేదు, చూపే ధైర్యం రాలేదు.

ఇక్కడి పద్ధతులకు అలవాటు పడటానికి సమయం పడుతున్నది. వాద్యబృందం మన ముందు ఉండదు, అత్తయ్యా. వేదిక కింద మెట్లు మెట్లుగా దిగిన గోతిలో కూర్చోబెట్టి, పైన చెక్కకప్పు వేశారు. తొంభైమంది వాయిస్తుంటే ఒక్కరూ కనబడరు. ధ్వని నేలలోనుంచి ఆవిరిలా లేచి, ఎదుటి గోడను తాకి, వెనక్కు తిరిగి మన గొంతుతో కలుస్తుంది. మొదటి రోజు నా స్వరం నాకే ఆలస్యంగా వినిపించి బెదిరిపోయాను.

నేను పాడేది పడవ నడిపే హిల్ట్రూడ్ పాత్ర. తన అన్నను చంపినవాణ్ణి ఎవరో తెలియక ఆమె పడవ ఎక్కించుకొంటుంది. అన్నకు ఒక రాగముంది, ఐదే స్వరాలు, మంద్రంగా కొమ్ముబూరలు పలుకుతాయి. మొదటి అంకంలో ఆమె అన్నను తలచుకొన్నప్పుడు అది వస్తుంది. మూడో అంకంలో బాటసారి పడవ ఎక్కగానే, ఎవరూ ఏమీ అనకముందే, కింద కొమ్ములు ఆ ఐదు స్వరాలనే మరో శ్రుతిలో పలుకుతాయి. వింటున్నవారికి తెలిసిపోతుంది. ఆమెకు తెలియదు. ఇలాంటి రాగాలు ఈ ఒపేరాలో ఇరవైకి పైగా ఉన్నాయి. ఒకదానిలో ఒకటి అల్లుకొని ఎక్కడా తెగవు. అందువల్ల మీరన్న సందు నాకింకా దొరకలేదు.

అన్నిటికంటె కష్టమైన చోటు ఆ మూడో అంకంలోనే ఉంది. అక్కడ అరవై రెండు ఆవర్తాలు నేను పాడకూడదు. తెడ్డు పట్టుకొని ఊరకే నిలబడాలి.

రైన్‌వాల్డ్‌గారు పొట్టిమనిషి. కీళ్ళనొప్పుల వల్ల ఉన్నిచెప్పులతోనే వేదిక ఎక్కుతారు. నిన్న నా పాటలో ఒక పాదం ముగియగానే ఆపారు.

"ఆ చెయ్యి ఏంటమ్మాయ్?"

చూసుకొంటే నా కుడిచెయ్యి ముందుకు చాచి ఉంది.

"ఎవరు నేర్పారు?"

"మా అత్తయ్యండీ."

"దించెయ్. ఇక్కడ దానికి పని లేదు."

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

మీ థెక్లా


ఆల్టెన్‌బుర్గ్
మే 20

థెక్లా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రతిసారీ కోపం ఒక మెట్టు ఎక్కింది.

అరవై రెండు ఆవర్తాలు పాడకుండా నిలబడటమా? మా రోజుల్లో ఆ శిక్ష తాగి వచ్చిన గాయకుడికి వేసేవారు. నీ వల్ల ఏ తప్పు జరిగిందో దాచకుండా రాయి. పై స్వరం జారిందా? జారితే దానికి సాధన ఉంది. నోరు కట్టేయడం మందు కాదు.

ఇక ఆ చెయ్యి. అది నా చెయ్యి. ఈ ఊరు నన్ను గుర్తుపెట్టుకొన్నదే ఆ చేతితో. నలుగురిలో దాన్ని దించమన్నది ఎవరి మీది కసితోనో నాకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళ కోపం నీ భుజం మీద తీర్చుకొంటున్నాడు.

మరొక సంగతి. మన పాస్టరుగారి దగ్గర రైన్‌వాల్డ్ రాసిన చిన్న పుస్తకం చూశాను, యూదులకు సంగీతం పుట్టదని వాదించేది. సగం చదివి మూసేశాను. పెర్ల్‌హెఫ్టర్ దాన్ని చదివాడా? చదివీ, తానూ యూదుడై ఉండీ, ఆ గడప ఎలా తొక్కుతున్నాడు? అతని వేళ్ళు నా ఊపిరిని నాకంటె ముందు కనిపెట్టేవి. సంగీతం పుట్టనిది ఎవరికో నేను చెప్పగలను.

నువ్వు బాగా తింటున్నావా? ఆ సంగతి నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు.

వాల్‌బుర్గా అత్తయ్య


హోన్‌బెర్గ్
జూన్ 2

గౌరవనీయులైన అత్తయ్యకు,

బాగా తింటున్నాను. ఇంటావిడ ఆదివారం గసగసాల కేకు చేస్తుంది. మీరు చేసినదానికంటె తీపి ఎక్కువ, రుచి తక్కువ.

నేను తప్పేమీ చేయలేదు. ఆ నిశ్శబ్దం పాత్రలోనే ఉంది. చూస్తేగాని తెలియదు, అందుకని వివరించను. కాని పెర్ల్‌హెఫ్టర్‌గారి గురించి మీరడిగినదానికి జవాబు చెప్పాలి.

ఆయన ఆ పుస్తకం చదివారు. మొన్న సాధన నడుమ రైన్‌వాల్డ్‌గారు అందరి ముందూ ఆయన భుజం తట్టారు.

"పెర్ల్‌హెఫ్టర్, మీవాళ్ళ గురించి నేను రాసింది మనసులో పెట్టుకోకండి. మీరు వేరు."

పెర్ల్‌హెఫ్టర్‌గారు కళ్ళజోడు తుడుచుకొన్నారు. "ఆ 'వేరు' మా నాన్నకి కూడా చెప్పారండీ, ఇంకెవరో. నలభై ఎనిమిదో పేజీ నుంచి మొదలెట్టమంటారా?"

ఆయన పక్షాన నేనొక్క మాటా అనలేదు. అందుకు సిగ్గుపడుతున్నాను. సాయంత్రం ఆయన వెంట నడుస్తూ, మీరు ఇక్కడ ఎందుకున్నారని అడిగాను.

"సంగీతం వేరు, మనిషి వేరు అంటారు చూడు, ఆ మాట నేననను. ఈ మూడో అంకం కూడా ఆ మనిషే రాశాడు. ఉన్న దయంతా అందులో పోసేశాడు, మనుషులకి మిగల్లేదు. నేను దయ ఉన్న చోట కూర్చుని పని చేసుకుంటున్నా. లేని చోటికి భోజనానికి వెళ్ళను, అంతే. నాలుగుసార్లు పిలిచాడు."

ఆ మాటలు ఉన్నవున్నట్లు రాశాను. నేను ఆయనంత తూచి జీవించలేను, అత్తయ్యా. ఒక గంట రైన్‌వాల్డ్‌గారిని అసహ్యించుకొంటాను. తరువాతి గంట కింద కొమ్ములు మొదలవుతాయి.

మొదటి ప్రదర్శన పద్నాలుగున.

మీ థెక్లా


హోన్‌బెర్గ్, జూన్ 15 (కార్డు)

అత్తయ్యా, అయిపోయింది. నేను పాడుతుండగా ఒక్కరూ కదలలేదు. మూడో అంకం ముగిశాక హాలులో ఏ చప్పుడూ లేదు. గదికి వెళ్ళి చాలాసేపు ఏడ్చాను. థె.


ఆల్టెన్‌బుర్గ్
జూన్ 19

నా తల్లికి,

నీ కార్డు వచ్చిన పూటే మందులషాపు త్సీగ్లర్‌గారి భార్య హోన్‌బెర్గ్ నుంచి తిరిగి వచ్చింది. టోపీ కూడా తీయనివ్వకుండా కూర్చోబెట్టి అడిగాను.

"పాడిందండీ. పాపం, బాగానే పాడింది. కానీ ఒక్కళ్ళు చప్పట్లు కొడితే ఒట్టు."

"పూలు వేశారా?"

"పూలా! చీకట్లో ఏం వేస్తారు? దీపాలన్నీ తగ్గించేశారు. నా మొహం నాకే కనబళ్ళేదు."

"తెర ముందుకు ఎన్నిసార్లు పిలిచారు?"

"ఒక్కసారీ లేదు. జనం తలలొంచుకుని బయటికొచ్చేశారు. మా ఆయనైతే బండిలో కూడా నోరు విప్పలేదు."

ఆమె వెళ్ళాక తలుపు గడియ పెట్టుకొన్నాను. హాలులో దీపాలు తగ్గించడమంటే నాటకశాల తన గాయనిని చూసి తానే సిగ్గుపడటం. అంతటి అవమానం నేనైనా పడలేదు. కాని దానికి దగ్గరలోనిది పడ్డాను. అది నీకు ఎన్నడూ చెప్పలేదు.

నా గొంతు జబ్బు చేసి పోయిందని నువ్వనుకొంటున్నావు. అది నేను అందరికీ చెప్పిన మాట. యాభై తొమ్మిది అక్టోబరులో, ఇదే ఊళ్ళో, నాకు బాగా తెలిసిన పాట మధ్యలో పై స్వరం రాలేదు. చెయ్యి చాచి నిలబడ్డాను. ఏ చప్పుడూ లేదు. వెక్కిరిస్తూ ఈల వేసినా బాగుండేది. వేదిక దిగి గదికి వచ్చేదాకా దారిలో నిలబడ్డ పదిమందీ గోడలవైపు తిరిగారు. గదిలో పెర్ల్‌హెఫ్టర్ ఒక్కడే నా కోటు పట్టుకొని నిలబడి ఉన్నాడు. మరి ఎన్నడూ పాడలేదు. ఆ నిశ్శబ్దం ఇరవై ఏళ్ళ పిల్ల మీద పడితే ఏమవుతుందో నాకు తెలుసు గనుక, నీ జవాబు కోసం ఆగలేదు.

ఈ ఉదయమే నీ మేనేజరుకు రాశాను. ముప్పయ్యో తేదీ మూడవ ప్రదర్శనతో నీ ఒప్పందం ముగుస్తుంది. ఇక్కడి ఆస్థాన నాటకశాల పెద్ద నాకు పాత పరిచయస్థుడు. సెప్టెంబరు నుంచి నీకు చిన్న పాత్రలు ఇస్తానన్నాడు. చిన్నవే, కాని దీపాల వెలుగులో.

ఇంటికి రా. నిన్ను నేనేమీ అడగను.

అత్తయ్య


హోన్‌బెర్గ్
జూన్ 23

అత్తయ్యకు,

రెండు ఉత్తరాలు రాసి చించాను. ఇది మూడవది. కోపం వాటిలో పోయింది.

కార్డు మీద చోటు చాలలేదు. నేను ఏడ్చింది సంతోషంతో. ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే మీరు ఆ ఉత్తరం పంపేవారు కారు. తప్పు నాది.

దీపాలు నన్ను చూసి సిగ్గుపడి తగ్గించలేదు. ఇక్కడ ప్రతి ప్రదర్శనకూ, ఎవరు పాడినా, హాలు చీకటి చేస్తారు. జనం ఒకరినొకరు కాక వేదికను చూడాలని. చప్పట్లు కొట్టవద్దని రైన్‌వాల్డ్‌గారే తెర ముందుకు వచ్చి ప్రార్థించారు. మూడో అంకం చివర హిల్ట్రూడ్ హంతకుణ్ణి ఒడ్డున దింపి, ఖాళీ పడవతో వెనక్కు వెళుతుంది. ఆ పడవ కనుమరుగయ్యేదాకా ఎవరూ చప్పుడు చేయకూడదన్నారు. ఎవరూ చేయలేదు. పడవ వెళ్ళిపోయాక కూడా చేయలేదు. ఆయన అడిగినదానికంటె ఎక్కువసేపు కూర్చుండిపోయారు.

మీ పాటను ఆయనకు చూపించాను. దాచినందుకు మన్నించండి, ఇది జరిగి వారమైంది. చూడగానే గుర్తుపట్టారు.

"వాల్‌బుర్గా ష్టెంగ్లైన్‌ది! నువ్వు ఆవిడ మేనకోడలివా? మరి ముందే చెప్పవేం?"

"మీకు కోపం వస్తుందనుకొన్నానండీ."

"వచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట. చాలా బాగా పాడింది, అదే నా కోపం. చచ్చిపోతున్న రాణిని అందరూ మర్చిపోయారు. నేనూ మర్చిపోయాను, చేతికర్ర కింద పెట్టి వింటూ కూర్చున్నా. నా సంగీతంలో అంత సందు ఉండబట్టే కదా ఆ పాట దూరింది. ఆ వేసవి నుంచి సందు లేకుండా రాయడం మొదలెట్టాను."

"అయితే ఆ వ్యాసం?"

"అది నామీద కోపంతో ఆవిడమీద రాశాను. నాకది అలవాటు."

ఆ మాటతో మీ గాయం మానుతుందని నేననుకోవడం లేదు. మీకు తెలియాలని మాత్రమే రాశాను.

మేనేజరు నిన్న నన్ను పిలిచారు. "చట్టప్రకారం మీ అత్తగారి మాట నేను కాదనలేనమ్మా. జూలై ప్రదర్శనలకి వేరే అమ్మాయిని సిద్ధం చేస్తున్నాం," అన్నారు. ఆమె నిన్నటి నుంచి నా తెడ్డు పట్టుకొని నిలబడటం నేర్చుకొంటున్నది.

మీకు ఎదురు తిరగను. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచి, నోరు తెరవడం నేర్పినవారు మీరు. కాని ఒక్క కోరిక. ముప్పయ్యో తేదీలోగా వచ్చి ఒక్కసారి వినండి. విన్నాక కూడా ఇంటికి రమ్మంటే, ఎందుకని అడగకుండా వస్తాను. మీరు రాకపోతే మాత్రం, అత్తయ్యా, వస్తాను గాని అడుగుతూనే ఉంటాను.

థెక్లా


హోన్‌బెర్గ్, స్టేషను ఎదుటి సత్రం
జూలై 1, ఉదయం

థెక్లాకు,

చిరునామా చూసి ఉలిక్కిపడకు. నిన్న మధ్యాహ్నం బండిలో వచ్చాను. నీకు తెలిస్తే నాకోసం పాడతావని కబురు చేయలేదు.

పద్దెనిమిదో వరుసలో కూర్చున్నాను. హాలు చీకటి కాగానే, ఒప్పుకొంటున్నాను, భయపడి పక్కాయన మోచెయ్యి పట్టుకొన్నాను. మొదటి అంకమంతా నీ ఊపిరి లెక్కపెట్టాను. రెండో అంకంలో పై స్వరం వెంట్రుకవాసి తక్కువైంది. ఎవరూ కనిపెట్టి ఉండరు, నేను కనిపెట్టాను.

మూడో అంకంలో లెక్క తప్పిపోయింది. కొమ్ములు ఆ ఐదు స్వరాలు పలికినప్పుడు నాకు వాడెవడో తెలిసింది. నీకు తెలియదు. అరవై రెండు ఆవర్తాలలో ఏదో ఒకచోట నీకూ తెలిసింది. తెడ్డు మీద నీ వేళ్ళు బిగిశాయి, మళ్ళీ వదులయ్యాయి. నువ్వు పడవ తిప్పేస్తావా, వాణ్ణి దాటిస్తావా అని ఎదురుచూస్తూ, నువ్వు నా అన్న కూతురివన్న సంగతే మరిచిపోయాను. నిన్ను పెంచిన ఈ పదిహేనేళ్ళలో అలా మరవడం అదే మొదలు.

చివర ఆ నిశ్శబ్దం వచ్చింది. అది నాకు తెలిసినదే అనుకొన్నాను. చెవి రిక్కించాను. యాభై తొమ్మిది నాటి నిశ్శబ్దం దగ్గింది, థెక్లా. కుర్చీలు కదిలాయి, గౌనులు రెపరెపలాడాయి. నిన్నటిదానిలో ఏదీ కదలలేదు. పక్కాయన నోరు తెరుచుకొని ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఒకే మాటతో రెండు సంగతులను పిలుస్తున్నాను.

బయట బెంచీ మీద పెర్ల్‌హెఫ్టర్ కనబడ్డాడు. జుట్టంతా నెరిసింది.

"ఎలా ఉంటున్నారిక్కడ?" అని అడిగాను.

"పళ్ళు బిగించుకునండీ. పియానోకి పళ్ళతో పనిలేదు కదా."

ఇద్దరం నవ్వాం. రైన్‌వాల్డ్‌ను చూడటానికి నేను వెళ్ళలేదు, వెళ్ళను. ఆయన నా పాట విని నేర్చుకొన్నది నేర్చుకొన్నాడు. నా గురించి రాసినదీ, పెర్ల్‌హెఫ్టర్ జనం గురించి రాసినదీ అచ్చులో అలాగే ఉన్నాయి. నిన్న విన్న దయతో వాటిని చెరిపేయలేను. వాటితో ఆ దయనూ చెరిపేయలేకపోతున్నాను. ఈ వయసులో ఈ రెండు మూటలూ మోయక తప్పేట్టు లేదు.

ఈ ఉదయం ఎనిమిదింటికి మీ మేనేజరు గదికి వెళ్ళాను. నా ఉత్తరం వెనక్కు తీసుకొన్నాను. మరొక కాగితం రాసి ఇచ్చాను: నవంబరుదాకా ఆగనక్కరలేకుండా, నీ ఒప్పందాల విషయంలో నేటి నుంచి నీ మాటే సంరక్షకురాలి మాట అని. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకొన్నాడు.

"అయితే అమ్మగారూ, వచ్చే ఏడు అమ్మాయి మా దగ్గర ఉంటుందా, ఆల్టెన్‌బుర్గ్ వెళుతుందా?"

జవాబు నా నాలుక మీద సిద్ధంగా ఉంది. నోరు తెరిచాను కూడా.

"ఆమెనే అడగండి," అన్నాను.

పదకొండు గంటలకు నిన్ను పిలుస్తాడు. ఏం చెప్పాలో నేను రాయడం లేదు.

వాల్‌బుర్గా